తల్లిపలక

"తన్వీ, అన్నం తిందువు రా" అని హారిక వంటింట్లోంచి పిలిచింది. అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు.

ముందుగదిలో బొమ్మకు జడ వేస్తున్న పిల్ల దిగ్గున లేచి నిలబడింది. చేతిలోని బొమ్మ ఎటు పడిందో చూసుకోలేదు. రెండు చేతులూ కట్టుకుని, గోడకేసి చూస్తూ, "సెవెన్ వన్‌జా సెవెన్, సెవెన్ టూజా ఫోర్టీన్" అని ఎక్కం అందుకుంది. పళ్లెం పట్టుకుని బయటికొచ్చిన హారికకు ముందు నవ్వొచ్చింది. పోరి ఆటలాడుతోంది అనుకుంది. ఆ తర్వాతే పిల్ల కాళ్ల కింద నేల తడుస్తుండడం కంటబడింది.

"ఏమైంది బిడ్డా?"

పళ్లెం కింద పెట్టి దగ్గరికి పోయింది. తల్లి నోరు తెరిచినకొద్దీ పిల్ల గొంతు పెద్దదవుతోంది. "సెవెన్ ఫైవ్‌జా థర్టీ ఫైవ్! నేను తప్పు చెప్పలే! తప్పు చెప్పలే అమ్మా, పోకు!"

"నేనేడికి పోతున్ననే? అన్నం పెట్టుకొచ్చిన గదా!"

ఆ మాటకు పిల్ల వెక్కిళ్లు పెట్టింది. హారిక ఓదార్చడానికి ఎంత మెత్తగా మాట్లాడబోతే పిల్ల అంత బిగుసుకుపోతోంది. మూలన కూర్చుని ఇదంతా చూస్తున్న కనకవ్వ లేచి వచ్చింది. ఆమె హారిక తల్లి. పొద్దంతా సాంచల షెడ్డులో నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఒక్క సాంచ నడిస్తేనే పక్క మనిషి మాట వినబడదు, ఇక షెడ్డు నిండా నడుస్తుంటే చెప్పేదేముంది? అందుకే షెడ్డులో వాళ్లంతా చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. కనకవ్వతో ఇంట్లో వాళ్లకూ అదే భాష.

కనకవ్వ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి విప్పి, గభాలున పిడికిలి మూసింది. షెడ్డులో దాని అర్థం, సాంచ ఆపు.

తన్వి ఎక్కం ఆపింది. పోయి అమ్మమ్మ నడుమును కరుచుకుంది. తడిసిన గౌను మార్చింది అమ్మమ్మే. హారిక పళ్లెం పక్కన అట్లాగే నిలబడిపోయింది. పిల్లకు తను పరాయిది కాలేదు, పరాయిదైతే ఇంత బాధ ఉండేది కాదు. తన గొంతు వింటే పిల్లకు ఉచ్చ పడుతోంది.

*

ఆ గొంతు బడికి ఇచ్చింది హారికే. సంతోషంగా ఇచ్చింది.

తన్వి ఒకటో తరగతిలో చేరినప్పుడు బైపాస్ మీది ఆ బడి పెద్ద గొప్పగా చెప్పుకుంది. పిల్లలకు ఏ టీచర్ గొంతుకంటే, ఏ పాఠంకంటే తల్లి గొంతులో విన్నదే బుర్రకెక్కుతుందట. అందుకని తల్లి గొంతుతో పాఠం చెప్పే పలక తెప్పించారట. దాని పేరు తల్లిపలక. పుస్తకమంత ఉంటుంది, పైన చిన్న కన్ను, పక్కన ఇయర్‌ఫోన్లు. తల్లులంతా వచ్చి గొంతు ఇచ్చి పోవాలన్నారు.

హారిక తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానింది. తండ్రి పోయాక కండెల దగ్గర తల్లికి చేయిసాయం కావలసి వచ్చింది. ఆ సంగతి ఎక్కడ అడుగుతారోనని గొంతు తీసుకునే గదిలోకి భయంభయంగానే వెళ్లింది. పలక తయారుచేసిన వాళ్ల మనిషి, కౌశిక్ సార్ అని, హైదరాబాద్ ఆయన, అద్దం అవతల కూర్చుని ఉన్నాడు.

"సార్, నాకు ఇంగ్లీషు రాదు. సైన్సు అస్సలు రాదు" అంది ముందే.

"మీ చదువు మాకు అక్కర్లేదు తన్వి మదర్. మీ గొంతు చాలు. మిగతాది పలక చూసుకుంటుంది."

చదివించాడు, పాడించాడు, నవ్వించాడు. చివరికి, "ఇప్పుడు తిట్టండి" అన్నాడు.

"ఎవరిని సార్, మిమ్మల్నా?" అంటే గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"పాప మాట వినకపోతే ఇంట్లో ఏమంటారో అదే అనండి. సిగ్గుపడకండి, సహజంగా రావాలి."

హారిక మొదట నసిగింది. బిడ్డకు ఏ లోటూ రావద్దని, ఇచ్చేదేదో బాగా ఇవ్వాలని, కళ్లు మూసుకుని తన్విని తలుచుకుంది. సాంచల మోత మీద అరిచి అరిచి పదునెక్కిన గొంతు అది. "గిట్ల జేస్తే నేను పోతా! గీ ఇంట్ల ఉండ. మల్ల రాను. అప్పుడు ఏడ్వు కూసోని, అమ్మా అమ్మా అనుకుంట!"

అద్దం అవతల కౌశిక్ బొటనవేలు పైకెత్తి చూపాడు. హారిక ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే కాళ్లు నేల మీద లేవు. తొమ్మిదో తరగతిలో బడి మానిన మనిషి, రేపటినుంచి బిడ్డకు ఇంగ్లీషు చెప్తుంది!

కొన్నాళ్లు అట్లాగే సాగింది. తన్వి హోంవర్క్ చేస్తుంటే ఒక ఇయర్‌ఫోన్ అరువు తీసుకుని హారిక కూడా వినేది. ఆకులు ఎండను తిండిగా ఎట్లా మార్చుకుంటాయో తన గొంతే చెప్తోంది. తడబాటు లేదు. వింటూ వింటూ తను కూడా పెదవులు కదిపేది.

"ఏం టీచరమ్మా, నాక్కూడా జెర ట్యూషన్ చెప్పరాదూ?" అని మొగుడు నరేష్ ఎగతాళి చేసేవాడు. అతనిది సాంచలు నడిపే పని. నవ్వితే పళ్ల మీద కూడా నూలు ధూళి ఉన్నట్టు కనిపిస్తాడు.

ఒకనాడు తన్వి ఏదో అడిగితే హారిక తనకు తోచింది చెప్పింది. పిల్ల మొహం చిట్లించింది. "నువ్వు ఊకో. పలకమ్మనడుగుత."

"పలకమ్మ ఎవలే? అది నా గొంతే గదనే!"

"ఆమెకు అన్నీ ఎరుక. నీకు తెల్వది."

హారిక నవ్వి ఊరుకుంది గానీ, ఆ నవ్వు మొహం మీద కాసేపు కూడా నిలవలేదు. తర్వాత్తర్వాత పిల్ల ఇయర్‌ఫోన్ పంచుకోవడం మానేసింది. "నువ్వుంటే తప్పులొస్తయి" అంది. మార్కులు మాత్రం పెరుగుతూ పోయాయి. బడిలో ప్రతి పండుగకూ తన్విని వేదిక ఎక్కించారు. నరేష్ ఫోన్లో ఆ ఫోటోలు షెడ్డంతా తిప్పాడు.

*

నేల తడిసిన మర్నాడు, బడినుంచి వచ్చి తన్వి పలక ముందు కూర్చున్నప్పుడు, హారిక వెనకనుంచి వచ్చి పిల్ల కుడి చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడింది కానీ వెనక్కి చూడలేదు. చూపు తెరమీద నుంచి తప్పించడానికి వీల్లేదన్నట్టు మెడ బిగించి కూర్చుంది.

లెక్క పడింది. తన్వి జవాబు రాసింది. తప్పు.

"మల్ల తప్పా?" అంది పలక. హారిక గొంతే. అద్దం గదిలో ఇచ్చిన గొంతు, కానీ ఇంకా చల్లగా, ఇంకా దగ్గరగా. "చెప్తున్న గదా తన్వీ. అమ్మ చెప్పులేసుకుంటున్నది. అమ్మ గడప దాటుతున్నది. సరిగ్గ రాస్తే ఆగుతది. రాయకపోతే మల్ల రాదు."

హారిక చెప్పని మాటలవి. చెప్పులు, గడప ఆమె ఎన్నడూ అనలేదు. పలకే కల్పించుకుంది. తన్వి వేళ్లు జవాబు చెరిపి మళ్లీ రాశాయి. ఒప్పు.

"శభాష్" అంది గొంతు. "ఈసారికి ఆగింది."

హారిక చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకి పలకను గోడకేసి కొట్టబోయింది. తన్వి ఆమె చేతిని పట్టుకుని కొరికింది. "కొట్టకు! అమ్మ అండ్లున్నది! అమ్మ పోతది!"

చేతి మీద పంటిగాట్లతో హారిక కూలబడింది. అసలు అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది.

నరేష్ వచ్చాక చెప్పింది. అతను అన్నం కలుపుతూ విన్నాడు.

"అందరు తల్లులు అనరా ఏంది? మా అవ్వ నన్ను బాయిల దుంకుతా అని బెదిరియ్యలేదా? సచ్చిపోయిన్నా నేను?"

"మీ అవ్వ పొద్దంత చెవుల కూసోని అనలేదు. అన్నంక ఒళ్లో పండవెట్టుకున్నది. ఇది పండవెట్టుకుంటదా?"

"క్లాస్ ఫస్టు వస్తున్నదే బిడ్డ! నువ్వు సదివి ఏం పీకినవ్, నేను సదివి ఏం పీకిన? అదొక్కతి ఒడ్డుకు వడుతుంటే నీకు కండ్లు మండుతున్నయి."

ఆ మాట అన్నాక అతనే తల దించుకున్నాడు. హారిక మర్నాడు బడికి పోయింది.

*

ప్రిన్సిపల్ అనురాధ మేడం, కౌశిక్ సార్ ఇద్దరూ ఉన్నారు. గది బయట వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు. పక్కనే తన్వి తరగతి. మధ్య ఒక అద్దపు గోడ.

"భయపడుతుంది సార్ పిల్ల. నేను పిలిస్తే ఉచ్చ పోసుకుంటున్నది."

"ఇంటి వాతావరణం ఏమైనా..." అని మేడం సాగదీసింది.

"ఇంటిది కాదు మేడం. మీ పలకది. అమ్మ పోతది, చెప్పులేసుకుంటున్నది అని అంటున్నది. నేను అట్లనలేదు."

కౌశిక్ చేతిలోని తెర తిప్పి చూపించాడు. ఆకుపచ్చ గీత ఒకటి మెట్లెక్కినట్టు పైకి పోతోంది. "ఇది మీ పాప శ్రద్ధ. పలక కన్ను పిల్ల చూపు కనిపెడుతుంది. పలక అంచు చేతి చెమట, నాడి చూసుకుంటుంది. ఏ మాటకు పిల్ల చూపు పక్కకు పోలేదో ఆ మాట దాచుకుంటుంది. అట్లాంటివే ఇంకా తయారు చేసుకుంటుంది. ముద్దు చేస్తే మీ పాప కిటికీలోకి చూస్తోంది. వెళ్లిపోతానంటే చూపు కదపట్లేదు. మేమేం నేర్పలేదమ్మా. మీ పాపే నేర్పింది దానికి."

"అది శ్రద్ధ కాదు సార్. భయం."

"పలకకు రెండూ ఒకటే" అన్నాడతను. అని, అది తనకే నచ్చనట్టు తెర పక్కకు తిప్పుకున్నాడు. "విత్తనం మాత్రం మీ మాటే కదా. మీరు ఇచ్చిందే."

హారిక మొహం మీద ఎవరో చాచి కొట్టినట్టయింది. "అయితే నాది నాకియ్యుండ్రి. నా గొంతు తీసేయుండ్రి."

"అది కుదరదు తన్వి మదర్" అని మేడం అందుకుంది. "ఇప్పుడు అది మీ పాప ఒక్కదానికే కాదు. మీరు గర్వపడాలి అసలు. చాలామంది తల్లులవి మెతక గొంతులు. తిట్టమంటే నవ్వేశారు. వాళ్ల పిల్లలకు పాఠం వాళ్ల అమ్మ గొంతులోనే వస్తుంది, మందలించే చోట మాత్రం మీ గొంతు పెట్టాం. రిజల్ట్స్ ఎట్లా ఉన్నాయో తెలుసా?"

హారికకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ఆగలేకపోయింది. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు వినిపించే గొంతుతో అరిచింది. "ఎవల్నడిగి పెట్టిండ్రు? ఎవల్నడిగి?"

అద్దం వెనక తరగతిలో పిల్లలు ఇయర్‌ఫోన్లు తీసేసి రాసుకుంటున్నారు. ఆ అరుపుకు పెన్సిళ్లు అన్నీ ఒక్కసారే ఆగాయి. బెంచీలు కిర్రుమన్నాయి. తరగతి తరగతంతా లేచి నిలబడి చేతులు కట్టుకుంది. ఎవ్వరూ తలుపు వైపు చూడలేదు. చూపులన్నీ ఎదుటి గోడకే. ముందు వరసలో ఒకడి గడ్డం అదరడం మొదలైంది. ఎవరో ఎక్కం అందుకున్నారు. మరొకరు, ఇంకొకరు. ఎవరి ఎక్కం వాళ్లది. అన్నీ కలిసి ఏడుపులా వినబడ్డాయి.

అనురాధ మేడం మొహంలో నెత్తురు లేదు. "ప్లీజ్, మెల్లగా మాట్లాడండి" అని గుసగుసగా అంది.

హారిక తలుపు తోసుకుని లోపలికి పోయింది. "భయపడకుండ్రి బిడ్డా, నేనేమనను" అంది, చేతనైనంత మెత్తగా. ముందు వరస పిల్లాడు రెండు చెవులూ మూసుకున్నాడు. ఒక ఆడపిల్ల బెంచీ కిందికి దూరింది. "పోకు ఆంటీ" అందో, "పోకు అమ్మా" అందో తెలియలేదు.

అప్పుడు హారిక నోరు మూసుకుంది.

తన లోపల ఉన్న ఏ మాటైనా, ఎంత మంచి మాటైనా, బయటికి వచ్చేటప్పటికి అదే గొంతు తొడుక్కుని వస్తుంది. వేరే గొంతు ఎక్కణ్నుంచి తెస్తుంది?

కిటికీ పక్క బెంచీలో తన్వి అందరిలాగే చేతులు కట్టుకుని ఉంది. హారిక ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. చెయ్యి పైకెత్తింది. అరచెయ్యి విప్పి, పిడికిలి మూసింది.

ఆపు.

తన్వి కళ్లు గోడమీంచి మెల్లగా దిగి తల్లి పిడికిలి మీద ఆగాయి. కట్టుకున్న చేతులు వదులయ్యాయి. నడుము దగ్గరే, ఎవరికీ కనబడకుండా, వేళ్లు తిప్పి అడిగింది. ఎటు?

హారిక రెండు వేళ్లు నడిపి చూపింది. ఇంటికి.

తన్వి బ్యాగు తీసుకోలేదు. పలక ముట్టలేదు. వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. దారిలో కౌశిక్ అడ్డం నిలబడి, "సార్టవుట్ చేద్దాం అమ్మా, తొందరపడొద్దు" అంటూ ఉన్నాడు. హారిక అతనికి జవాబు చెప్పలేదు. అక్కడ నోరు తెరిస్తే మళ్లీ పిల్లలు లేస్తారు.

*

తన్విని పలకలు లేని సర్కారు బడిలో వేశారు. నరేష్ వారం రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. మాట్లాడినా జవాబు వచ్చేది కాదు. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ హారిక నోరు తెరవడం మానేసింది.

బయట కూడా మానుకోవలసి వచ్చింది. కూరగాయల బండి దగ్గర బేరమాడితే పక్కన ఎవరి పిల్లో తల్లి కొంగు వెనక దాక్కుంది. ఆ తల్లి ఉరిమి చూసింది. "ఓహో, నువ్వేనా? మా పోరడు నిద్రల సుత ఎక్కాలు సదువుతుండు. ఏం మంత్రమేసినవే తల్లీ, పిల్లలందరికి?" హారిక ఏదో అనబోయి, పిల్ల మొహం చూసి, టమాటలు బండి మీదే వదిలేసి వచ్చింది.

ఇంట్లో మాత్రం వేళ్లు ఆగేవి కావు. కనకవ్వ పక్కన కూర్చుని, హారిక మర్చిపోయిన సైగలన్నీ ఇద్దరికీ నేర్పించింది. దారం తెగింది, కండె అయిపోయింది, షెడ్డు ఆసామి వస్తున్నాడు, తలనొస్తోంది. షెడ్డులో లేనివి తన్వి కల్పించింది. చింతకాయ పులుపుకు మూతి వంకర. నాన్న అలకకు రెండు చేతులతో పెద్ద పొట్ట. పిల్ల నవ్వేది. కానీ వంటింట్లో గిన్నె జారి హారిక నోట "అయ్యో" అని వస్తే చాలు, ముందుగదిలో కాళ్లు దగ్గరికి చేరిన చప్పుడు వినబడేది.

పాట పాడాలని ఉండేది హారికకు. పిల్ల పుట్టిననాటినుంచి పాడి పడుకోబెట్టిన పాట. గొంతులోకి వచ్చి అక్కడే ఆగిపోయేది.

కౌశిక్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఒకసారి మెసేజ్ కూడా పెట్టాడు. కొత్త గొంతు ఇస్తే, ఈసారి ప్రేమగా మాట్లాడింది ఇస్తే, పాతది మెల్లమెల్లగా మరపిస్తుందట.

ఆదివారం నరేష్‌కు బువ్వ తీసుకుని హారిక, తన్వి షెడ్డుకు పోయారు. సాంచలన్నీ నడుస్తున్నాయి. నేల, గోడలు, పళ్లు, అన్నీ అదురుతున్నాయి. హారిక చేతిలో ఫోను వణికింది. కౌశిక్ సార్ పేరు. ఎత్తింది. నోటి దగ్గర పెట్టుకోలేదు. సాంచల వైపు పట్టుకుని నిలబడింది, అవతలివాడు పెట్టేసేదాకా.

తన్వి కండెల బుట్ట మీద ఎక్కి కూర్చుంది. నూలు ధూళికి తుమ్ముతోంది. హారిక ఆమెను చూస్తూ, తెలియకుండానే, "సర్దిజేస్తది, మూతికి గుడ్డ కట్టుకో" అంది.

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల వైపు చూసింది.

తన్వి లేవలేదు. చేతులు కట్టుకోలేదు. తల్లి పెదవుల వంక చూసి, గౌను కొస మూతికి అడ్డం పెట్టుకుని, 'ఇట్లనా?' అన్నట్టు కళ్లు ఎగరేసింది.

సాంచల మోతలో మాట వినబడలేదు. మాట కనబడింది.

హారిక బిడ్డ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తన్వీ" అంది, గట్టిగా. పిల్ల నవ్వింది. "తన్వీ! నేను యాడికి పోను. ఎన్నడు పోను. నీ తప్పులు నాకు కావాలె. తప్పులే కావాలె నాకు. ఇంటున్నవా?" గొంతు చించుకుని అరిచింది, ఏడ్చింది, అంతలోనే పాట ఎత్తుకుంది. ఆ పాటలో ఒక్క ముక్క కూడా ఎవరి చెవినీ పడలేదు. తన్వి ఆమె గొంతు మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఏదో కొట్టుకుంటుంటే చక్కిలిగిలి పెట్టినట్టు భుజాలు ఎగరేసింది. తల్లి పెదవులను చూస్తూ తన పెదవులు కూడా కదిపింది.

షెడ్డు అవతలి కొసనుంచి నరేష్ చూశాడు. ఇన్నాళ్లకు పెళ్లాం నోరు కదులుతోంది. తననే పిలుస్తోందనుకున్నాడో, ఏమంటోందో వినాలనుకున్నాడో, ఎట్లాగూ బువ్వ వేళేనని గోడకున్న మెయిన్ స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

హారిక పాట ఆపకుండానే చెయ్యెత్తింది. ఈసారి పిడికిలి మూయలేదు. అరచెయ్యి అట్లాగే విప్పి ఉంచి, మగ్గంలో పోగు తీసుకుపోయే నాడెలా ఇటూ అటూ ఆడించింది.

నడవనీ. ఆపకు.

నరేష్ చెయ్యి స్విచ్ దగ్గరే ఆగిపోయింది. కాసేపు నిలబడి, కిందికి దించుకున్నాడు. బువ్వ చల్లారిపోతున్నా సాంచలు నడుస్తూనే ఉన్నాయి.